ఎంగిలి సూది

కుట్లు వేసేదాకా డాక్టరుగారి ప్రతాపం. ఆ తరవాత ఆయన చేతులు కడుక్కుని, తువ్వాలు ఎక్కడ పడితే అక్కడ పడేసి వెళ్ళిపోతాడు. మిగిలిన కత్తెరలు, పట్టకార్లు, రక్తం ఎండి అంటుకున్న ట్రేలు ఎవరు తోముతారని ఏ రోగీ అడగడు. దక్షిణాఫ్రికాలో ఇసిపింగో అనే ఊళ్ళో డాక్టర్ వేణుగోపాలరావు సర్జరీలో వాటిని తోమేది ఆయన భార్య వసుమతి. డాక్టరు కూర్చునే చోటుని ఇక్కడ సర్జరీ అనే అంటారు లెండి, కోతలున్నా లేకపోయినా. ముందు చన్నీళ్ళు పట్టాలి, వేణ్ణీళ్ళు పోస్తే రక్తం గట్టిపడి కూర్చుంటుంది. కత్తెర నోరు తెరిచి మడత దగ్గర బ్రష్షు పెట్టి రుద్దాలి. అప్పుడు గానీ ఆటోక్లేవులో పెట్టి ఆవిరికి ఉడికించకూడదు. ఆ పొద్దున్న ఆ పనిలోనే ఉంది. పక్కగదిలో మందుల కంపెనీ ఏజెంటుతో మొగుడు అంటున్న మాట చెవిన పడింది. "మా ఆవిడకి ఇంట్లో పొద్దుపోదయ్యా. అందుకని ఇలా వచ్చి కాస్త సర్దుతూ ఉంటుంది."

కాస్త సర్దడమట. తెల్లారుతూనే ఇడ్లీ వేసి, కూతురు స్నిగ్ధని బడికి తయారు చేసి, ఆయన చొక్కా ఇస్త్రీ చేసి, ఆయనకంటే ముందొచ్చి తాళం తీసి, నేల తుడిచి, రోగుల పేర్లు రాసుకుని, ఫోన్లు ఎత్తి, కట్లు కట్టి, ఏడ్చేవాళ్ళని ఓదార్చి, మధ్యలో ఇంటికి పరిగెత్తి కుక్కరు పెట్టొచ్చి, సాయంత్రం మళ్ళీ నేల తుడిచి తాళం వేసే మనిషి పొద్దుపోక వస్తోందట. వసుమతికి ఒళ్ళు మండింది. మండితే మాత్రం ఏం చేస్తుంది, బ్రష్షు ఇంకాస్త గట్టిగా రుద్దింది.

ఆవిడ ఊరికే డాక్టరు పెళ్ళాం కాదు. విశాఖపట్నంలో నర్సింగు చదివి ఆపరేషన్ థియేటర్లో పనిచేసిన మనిషి. పెళ్ళయ్యాక మొగుడి వెంట జాంబియా వెళ్ళింది. దక్షిణాఫ్రికాలో అందరికీ ఓట్లొచ్చి కొత్త ప్రభుత్వం ఏర్పడ్డాక ఆయన వెంటే ఈ దేశం వచ్చింది. ఇక్కడ వైద్యం చెయ్యాలంటే ఇక్కడి పరీక్ష రాయాలన్నారు. ఆయన రాశాడు. ఒక చేత్తో పప్పు కలుపుతూ, రెండో చేత్తో పుస్తకం పట్టుకుని ఆయన్ని ప్రశ్నలు అడిగిందీ, తప్పు చెప్తే దిద్దిందీ ఆవిడే. పాసయ్యాక "ఇంక నీ పరీక్ష" అనాలి కదా. అనలేదు. ముందు సర్జరీ నిలదొక్కుకోనీ అన్నాడు. తరవాత పిల్ల చదువన్నాడు. ఆ తరవాత, "ఇప్పుడు నీకు సర్టిఫికెట్ లేక ఏం తక్కువైంది వసూ, మన సర్జరీయే కదా" అన్నాడు. రాజమండ్రి నుంచి ఫోన్లో అత్తగారిదీ అదే పాట. "వాడికి చేదోడువాదోడుగా ఉండు తల్లీ. ఆడదానికి అంతకంటే పేరేం కావాలి." పేరు అక్కర్లేకపోతే పుట్టగానే ఎందుకు పెట్టారో మరి.

ఆ రోజే మధ్యాహ్నం వెనకవీధి అంబీ అవ్వ మనవరాలిని రెక్క పుచ్చుకుని లాక్కొచ్చింది. అవ్వ తాతలు ఎప్పుడో విశాఖ వైపు నుంచి చెరకు తోటల్లో పనికి ఓడెక్కి వచ్చినవాళ్ళు. ఈ ఊళ్ళో అలాంటి ఇళ్ళలో తెలుగు ముసలివాళ్ళ నోట్లో నాలుగు ముక్కలు మిగిలింది, పిల్లల నోట్లో అదీ లేదు. "ఏటమ్మా, బాగుండావా? ఈ పిల్ల తిండి తినదు. వొళ్ళు కాల్తాది. సూపించు డాక్టర్‌కి" అంది అవ్వ. పిల్ల పేరు తాష్లిన్. మెట్రిక్, అంటే ఇక్కడి లెక్కలో పన్నెండో తరగతి చదువుతోంది. చొక్కా పైకెత్తితే బొడ్డు దగ్గర వెండి రింగు, దాని చుట్టూ ఎర్రగా వాచి చీము కారుతోంది. భుజం మీద చిటికెనవేలంత పచ్చబొట్టు సీతాకోకచిలుక, ఇంకా పొక్కు రాలలేదు.

వేణుగోపాలరావు కళ్ళజోడు పైకి తోసుకుని ఉపన్యాసం అందుకున్నాడు. ఒంటికి చిల్లులేమిటి, బొమ్మలేమిటి, మంచి కుటుంబంలో పిల్లలు చేసే పనేనా, మీ ఇంట్లో పెద్దవాళ్ళు లేరా అని. పక్కనే ఉన్న అవ్వ తల దించుకుంది. యాంటీబయాటిక్ రాసి, "వసూ, డ్రెస్సింగ్ చెయ్యి" అని టీకి వెళ్ళిపోయాడు. ఆ సూది ఎక్కడిదని ఒక్క మాట అడగలేదు.

డ్రెస్సింగ్ చేస్తుంటే పిల్ల నొప్పికి వెక్కివెక్కి ఏడ్చింది. వసుమతి తను తాగుతున్న నీళ్ళ సీసా అందించింది. తాష్లిన్ తల వెనక్కి లాక్కుని, "నో ఆంటీ. యెంగిలి" అంది.

వసుమతి సీసా వెనక్కి తీసుకుంది. తెలుగులో "నీ పేరేమిటి" అంటే బిక్కమొహం వేసే పిల్ల, అమ్మని మమ్మీ అనే పిల్ల, ఆ మాట ఎంత ఠక్కున అంది. అన్నీ పోయి ఇదొక్కటి మిగిలిందన్నమాట.

"రింగు ఎవరు వేశారు?" అని అడిగింది. అక్కణ్ణించి మాటలన్నీ ఇంగ్లీషులోనే.

"క్రేషన్. వాళ్ళ గరాజ్‌లో. పోయిన శనివారం. బటర్‌ఫ్లై కూడా అప్పుడే, మేం నలుగురం ఒకేలాంటివి వేయించుకున్నాం."

"నలుగురికీ నాలుగు సూదులా?"

"ఒకటే. ఒక్కొక్కళ్ళకీ మధ్యలో లైటర్‌తో కాల్చాడు ఆంటీ, స్పిరిట్‌తో తుడిచాడు కూడా. మేం బెస్ట్ ఫ్రెండ్స్, మాకేం రోగాల్లేవు."

"రంగో?"

"సీసా మూతలో పోశాడు. అందరికీ ఒకటే రంగు కదా, అదే."

"నీ బెస్ట్ ఫ్రెండ్ తాగిన సీసాలో నీళ్ళు తాగుతావా?"

"ఛీ. అవ్వ చంపేస్తుంది."

"మరి ఆ సూది నీ ఫ్రెండ్ రక్తం తాగి నీ ఒంట్లోకి వచ్చిందే. అది ఎంగిలి కాదా?"

పిల్ల ఏడుపు ఆగిపోయింది. నోటి ఎంగిలైతే కడుపులోకి పోతుందమ్మా, రక్తం ఎంగిలి తిన్నగా రక్తంలోకే పోతుంది అని వసుమతి మెల్లిగా చెప్పింది. లైటర్ మంటకి మసి పడుతుంది గానీ సూది పూర్తిగా శుభ్రం కాదని, పైపైన స్పిరిట్ తుడిస్తే కామెర్ల పురుగు చావదని, ఎండిన రక్తంలో కూడా అది రోజుల తరబడి బతికే ఉంటుందని చెప్పింది. తాష్లిన్ చొక్కా కిందికి లాక్కుని, "మా క్లాసు సగ్రెన్ క్రిస్మస్ సెలవుల్లో అక్కడే వేయించుకున్నాడు. ఇప్పుడు వాడి కళ్ళు పచ్చగా ఉన్నాయి, హాస్పిటల్లో పెట్టారు. అదే సూదేమో తెలీదు ఆంటీ" అంది. ఎయిడ్స్ అన్న మాట ఇద్దరూ అనలేదు. ఆ రోజుల్లో ఈ ఊళ్ళో శనివారం వస్తే అంత్యక్రియలే, ఎందుకు పోయారంటే క్షయ అనేవారు, నిమోనియా అనేవారు, ఆ మాట మాత్రం నోటికి రానిచ్చేవారు కాదు.

వసుమతి టీ తాగుతున్న మొగుడి దగ్గరికి వెళ్ళి, నలుగురు పిల్లలకీ ఇవాళే కామెర్ల టీకా మొదలుపెట్టాలి, రక్త పరీక్షలు ఇప్పుడోసారి, మూడు నెలలయ్యాక మరోసారి చెయ్యాలి అంది. ఆయన చెడ్డవాడు కాదు. చెప్తే చేస్తాడు. చెప్పేదాకా తోచదు, చేశాక తనకే తోచిందనుకుంటాడు, అంతే ఆయనతో చిక్కు.

నిజం చెప్పాలంటే ఆ ఎంగిలి అన్న మాట మీద వసుమతికి ఏమంత ప్రేమ లేదు. పెళ్ళయిన కొత్తలో ఆయన తిని లేచిన విస్తట్లో అత్తగారు తనకి అన్నం వడ్డించి, "మొగుడి ఎంగిలి మహాప్రసాదం" అంది. గోంగూర పచ్చడి పక్కన ఆయన వేళ్ళ గుర్తులు. కళ్ళు మూసుకుని మింగింది. అదే మాటతో తమ వీధి చివర టీ కొట్లో కొందరికి వేరే గ్లాసు పెట్టేవాళ్ళు, వాళ్ళ గ్లాసు వాళ్ళే కడుక్కుని పోవాలి. మనుషుల్ని గుమ్మం బయట నిలబెట్టడానికి మహ బాగా పనికొచ్చిన మాట అది. సూదికి మాత్రం ఎవరూ వాడలేదు. వాడాల్సింది దానికే కదా అనిపించింది ఆవిడకి.

మర్నాడు పని అయ్యాక ఎవరికీ చెప్పకుండా క్రేషన్ గరాజ్‌కి వెళ్ళింది. మొబేనిలో బూట్ల ఫ్యాక్టరీ మూసేస్తే పని పోయిన పాతికేళ్ళవాడు. పాత వాక్‌మన్ మోటారుకి పెన్ను గొట్టం బిగించి, గిటారు తీగ అరగదీసి సూది చేసుకున్నాడు. చెయ్యి మంచిది. గోడ మీద అతికించిన బొమ్మల్లో గీత ఒక్కటి వంకర లేదు. ఆవిణ్ణి చూడగానే తిట్టడానికొచ్చిందనుకుని, "నేను శుభ్రంగా చేస్తాను ఆంటీ, చూడండి, డెటాల్ ఉంది" అన్నాడు.

"నేను తిట్టడానికి రాలేదు. ఎలా చేస్తావో చూపించు."

వాడు సంబరంగా చూపించాడు. సూది మూతలో ముంచడం, చర్మం మీద గీయడం, రక్తం తుడవడం, మళ్ళీ అదే మూతలో ముంచడం. అంతా చూసి వసుమతి బల్ల మీద సగం తాగి పెట్టిన వాడి టీ కప్పు తీసి నోటి దగ్గర పెట్టుకోబోయింది. క్రేషన్ కంగారుగా చెయ్యి అడ్డం పెట్టి, "వద్దు వద్దు, అది నా యెంగిలి ఆంటీ, కడిగిన కప్పులో తెస్తాను" అన్నాడు.

"నాకు టీ ఇవ్వడానికి కప్పు మారుస్తావు. నలుగురు పిల్లల రక్తానికి మూత మార్చవు."

వాడు నవ్వబోయాడు. నవ్వు సగంలో పోయింది. మూతకేసీ సూదికేసీ చూసి, సగ్రెన్ సంగతి విన్నావా అని ఆవిడ అడగకముందే, "సగ్రెన్‌కి నా వల్లేనా ఆంటీ?" అన్నాడు. వసుమతి అబద్ధం ఆడలేదు. "తెలీదు. అయ్యుండచ్చు" అంది. వాడు చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చాడు. ఆ ఏడుపు అయ్యేదాకా కూర్చుని, అప్పుడు చెప్పింది. మనిషి మారితే సూది మారాలి, మూత మారాలి, చేతి తొడుగులు మారాలి. వాడిన సూది మూతపడే డబ్బాలో వెయ్యాలి. పద్దెనిమిది నిండని పిల్లల్ని ఇంటికి పంపెయ్యాలి. గొట్టాలూ పట్టకార్లూ తోమి తన దగ్గరికి తెస్తే ఆటోక్లేవులో పెడతానంది.

ఇంట్లో ఇది తెలిసి వేణుగోపాలరావు కంచం ముందు నుంచి లేచినంత పని చేశాడు. "నా సర్జరీని పచ్చబొట్ల కొట్టు చేస్తావా? పరువుగా బతుకుతున్నాం. ఆ ఆటోక్లేవులో వాడి సామాన్లు పెట్టడానికి వీల్లేదు."

"ఆటోక్లేవు ఎలా పెట్టాలో మీకు తెలుసా?" అంది వసుమతి, నిజంగానే తెలుసుకుందామని.

ఆయన చారు కలుపుకున్నాడు. రెండు ముద్దలు తిన్నాక, "అది కాదు విషయం" అన్నాడు. మర్నాటి నుంచి క్రేషన్ సామాన్లు ఆటోక్లేవులో పడ్డాయి.

క్రేషన్ గరాజ్ తలుపు మీద తన మంచి చేతివ్రాతతో పెద్ద ఎర్ర అక్షరాలు రాశాడు, నో యెంగిలి అని. అంతే, ఆ మాట దావానలంలా పాకిపోయింది. పిల్లలకి అలాంటివి దొరికితే వదులుతారా? చెవిపోగులు మార్చుకోబోయిన పిల్లని పక్కది నో యెంగిలి అనేది. రేజరు అరువడిగినవాడికి అదే జవాబు. తెలుగు ముక్క తెలియని జూలూ పిల్లలు, తమిళ పిల్లలు కూడా నో యెంగిలి అనడం మొదలుపెట్టారు. పక్కవీధిలో ఇంకొకడు చవగ్గా వేస్తానంటే అక్కడికెళ్ళి ముందు మూత చూపించమన్నారు. జూన్‌లో ఇక్కడి చలికాలం వచ్చేసరికి నలుగురు అమ్మాయిల రెండో పరీక్షల ఫలితాలూ వచ్చాయి. నలుగురి రక్తంలోనూ ఏ దోషం లేదు. తాష్లిన్ వసుమతిని సర్జరీ మధ్యలో కావలించుకుని వదల్లేదు. సగ్రెన్ చిక్కి సగమయ్యాడు గానీ లేచి తిరుగుతున్నాడు.

అప్పుడు హైస్కూలు హెడ్మాస్టరు లయొనెల్ సర్జరీకి ఫోన్ చేశాడు. డాక్టరుగారూ, మీ నో యెంగిలి గురించి ఊరంతా చెప్పుకుంటున్నారు, శుక్రవారం హాల్లో పిల్లలతో మాట్లాడాలి, ఆరోగ్యశాఖ నుంచి కూడా వస్తున్నారు అని. డాక్టరుగారు తప్పకుండా అన్నారు. ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర, "వసూ, నాలుగు ముక్కలు రాసిపెట్టు. ఆ ఎంగిలీ గింగిలీ లాంటి మోటు మాటలు వద్దు, కాస్త సైంటిఫిక్‌గా ఉండాలి" అని పెరుగు గిన్నె దగ్గరికి లాక్కున్నాడు.

వసుమతి నోట్లో ముద్ద నములుతూ ఆలోచించింది. ఇన్నేళ్ళూ తను ఆయన ఎంగిలి తింటున్నాననుకుంది. చూడబోతే ఆయనే తన నోటి మాట తిని బతుకుతున్నాడు. పరీక్షకి తను నమిలి పెడితే మింగాడు. రోగి గురించి తను చెప్తే, అవతలి గదిలోకి వెళ్ళి తన మాటగా చెప్తాడు. ఇప్పుడు దీన్ని కూడా. ఆవిడ తిన్న కంచంలో చెయ్యి పెట్టమంటే ఆయనకి అసహ్యం, ఆవిడ బుర్రలో చెయ్యి పెట్టడానికి లేదు. కోపం వచ్చింది. ఎప్పటిలా బ్రష్షులోకి పోయే కోపం కాదు, ముద్ద మింగాక కూడా గొంతులోనే నిలబడ్డ కోపం.

"రాయను. నేనే మాట్లాడతాను" అంది.

ఆయన నవ్వాడు. తరవాత ఆవిడ మొహం చూసి మానేశాడు. "నువ్వా? నీకు ఇక్కడ రిజిస్ట్రేషన్ లేదు. ఆరోగ్యశాఖ వాళ్ళ ముందు నువ్వెవరని చెప్పుకుంటావు? నా పేరు చెప్పి పిలిచారు."

ఆ మాట గుచ్చుకుంది. గుచ్చుకున్నా లేచి చెయ్యి కడుక్కుని, ఆయన ఎదురుగానే లయొనెల్‌కి ఫోన్ చేసి, మాట్లాడేది తనేనని చెప్పింది. "నో యెంగిలి అన్నది నేనే సార్. శుక్రవారం డాక్టరుగారికి కుదరదు."

"నాకెందుకు కుదరదు?" అన్నాడాయన ఫోన్ పెట్టగానే.

"సామాన్లు తోమాలిగా. నేను ఉండను కదా."

శుక్రవారం హాలు కిక్కిరిసింది. వసుమతి స్టేజీ మీద ఒక కుండెడు సాంబారు, ఒక గరిటె పెట్టింది. ఎలా ఉందో చూద్దామని గరిటె నోట్లో పెట్టుకుని చప్పరించి, మళ్ళీ కుండలో ముంచి కలిపింది. హాలంతా ఛీ అని ఒక్క అరుపు. "ఎవరికైనా సాంబారు కావాలా?" అంటే ఒక్క చెయ్యి లేవలేదు. అప్పుడు క్రేషన్‌ని పైకి పిలిచి, రంగు మూత, సూది చేతికిచ్చింది. ఏం చెప్పక్కర్లేకపోయింది. ముందు వరసలో పిల్లలు చేత్తో నోరు మూసుకున్నారు. ఆ తరవాత ఆవిడ మీరు బొమ్మలు వేయించుకోకండి అనలేదు. మీ ఒళ్ళు మీది, కాబట్టి దానిలోకి ఏం వెళ్తోందో అడిగే హక్కూ మీదేనంది. ఏం అడగాలో, ఏం చూడాలో, పుండు పడితే దాచకుండా ఎవరి దగ్గరికి రావాలో చెప్పింది.  

అంతలో వెనక కుర్చీల్లోంచి అంబీ అవ్వ లేచింది. తన అరిగిపోయిన తెలుగూ ఇంగ్లీషూ కలిపి, తన చిన్నప్పుడు ఒక్క సూదితో తోట కూలీల బారకాసుల్లో పిల్లలందరికీ చెవులు కుట్టారని, తన చెల్లెలు వారం తిరక్కుండా దవడలు బిగుసుకుపోయి చచ్చిపోయిందని చెప్పింది. "దేవుడు తీసుకున్నాడు అన్నారు మావోల్లు. దేవుడు కాదు. సూది" అని కూర్చుంది. తాష్లిన్ వెళ్ళి అవ్వ పక్కన కూర్చుంది. హాల్లో ఎంతోసేపు చప్పట్లు మోగాయి, వసుమతికో అవ్వకో చెప్పడం కష్టం.

ఆరోగ్యశాఖ నుంచి వచ్చినావిడ పేరు సిస్టర్ డోరిస్, నెరిసిన జుట్టు జూలూ ఆవిడ. అందరూ వెళ్ళాక దగ్గరికొచ్చి, "మీ మాట నాకు ఇవాళే తెలిసింది గానీ, సంగతి ఎప్పుడో తెలుసు. నేను నర్సింగు నేర్చుకున్న చోట నల్ల నర్సుల కప్పులు వేరే మేకుకి వేలాడేవి" అంది.

వసుమతికి సిగ్గేసింది. "మా ఊళ్ళోనూ అలాంటి మేకులు ఉన్నాయి సిస్టర్. కొట్టినవాళ్ళు మావాళ్ళే" అంది.

డోరిస్ ఆవిడ పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. "పిల్లల కోసం కొత్త టీమ్ పెడుతున్నాం. ఇక్కణ్ణుంచి కింద మార్‌బర్గ్ ఊరి దాకా బడులన్నీ తిరగాలి. నీకు రిజిస్ట్రేషన్ ఉందా?"

"లేదు" అంది వసుమతి. ఆ ఒక్క మాట ఎంత బరువో డోరిస్‌కి తెలిసినట్టుంది, ఎందుకు లేదని అడగలేదు. పరీక్ష ఎప్పుడు రాస్తావని అడిగింది. రాసేదాకా శిక్షకురాలిగా జీతం ఇస్తామని, పరీక్షకి క్లాసులు తమ ఆఫీసులోనేనని, సోమవారం నుంచి రమ్మని చెప్పింది.

ఇంటికెళ్ళి వేణుగోపాలరావుకి చెప్పింది. ఉపన్యాసం బాగుందటగా అన్నాడాయన, ఎవరో చెప్పారట. ఆ తరవాత అసలు ప్రశ్న అడిగాడు. "మరి సర్జరీ?" వసుమతి చూద్దాం లెండి అని మర్నాడు బజారుకి వెళ్ళొచ్చింది.

సోమవారం ఆయన వచ్చేసరికి సర్జరీ బెంచీ నిండా ఆడవాళ్ళు కూర్చున్నారు. "ఏంటివాళ ఇంతమంది రోగులు?" అన్నాడు సంతోషంగా.

"రోగులు కాదు, పనికోసం వచ్చారు. నేనే కబురు పెట్టాను. ఫోనుకీ పేర్లకీ ఒకరు కావాలి, కట్లకీ ఆటోక్లేవుకీ ఒకరు, నేలకీ సామాన్లకీ ఒకరు. మాట్లాడి పెట్టుకోండి."

"ముగ్గురా? ఈ కాస్త పనికి?"

"ఒక్కరే చేస్తారేమో అడిగి చూడండి" అంది వసుమతి.

ఆయన నిజంగానే అడిగాడు. బెంచీ చివర కూర్చున్న పెద్దావిడ పని వివరమంతా విని, పక్కావిడ మొహం చూసి, ఇద్దరూ నవ్వేశారు. "అన్నీ ఒక్కరేనా డాక్టర్? ఇంతకు ముందు ఇదంతా ఎవరు చేసేవారు?"

 వేణుగోపాలరావు భార్య వైపు చూశాడు.

"నేనేనమ్మా" అంది వసుమతి, సంచీ భుజానికి తగిలించుకుని గుమ్మం దాటుతూ. "రాజీనామా చేశాను."